చెట్టు చాటు బొమ్మ: లేయర్ మాస్కు కథ

పాత తెలుగు సినిమాలు ఇష్టంగా చూసేవాళ్ళకి "మాస్క్ షాట్" అన్న మాట కొత్త కాదు. 1964లో వచ్చిన "రాముడు భీముడు" సినిమాలో ఇద్దరు రామారావులు తెర మీద ఒకేసారి కనిపిస్తారు. ఆ సినిమాకి ఛాయాగ్రాహకుడు ట్రిక్ ఫోటోగ్రఫీకి పేరుపడ్డ రవికాంత్ నగాయిచ్. కంప్యూటర్లు లేని ఆ రోజుల్లో ఇలాంటి మాయకి కావలసిన సరంజామా చాలా తక్కువ: ఒక నల్ల అట్టముక్క, ఇసుమంతైనా కదలని కెమెరా, బోలెడంత ఓపిక. లెన్సు ముందు సగానికి అట్ట అడ్డం పెట్టి, మిగిలిన సగంలో నటుణ్ణి ఒక వేషంలో తీస్తారు. తర్వాత ఫిల్ముని వెనక్కి చుట్టి, అట్టని రెండో పక్కకి మార్చి, అదే నటుణ్ణి రెండో వేషంలో తీస్తారు. రెండు సగాలూ కలిసే గీత ఏ స్తంభం అంచునో, ఏ ద్వారబంధం పక్కనో దాక్కుంటుంది.

ఆ అట్టముక్కే ఇవాళ్టి ఫోటో ఎడిటింగ్ ప్రోగ్రాముల్లో "లేయర్ మాస్కు"గా మళ్ళీ పుట్టింది. తేడా ఒక్కటే. అట్టముక్కకి అంచు తిన్నగా ఉండాలి. దాన్ని వేపచెట్టు కొమ్మ ఆకారంలో, ఆకు ఆకుకీ మధ్య సందులతో సహా కత్తిరించమంటే ఎంతటి పనిమంతుడైనా దణ్ణం పెట్టేస్తాడు. లేయర్ మాస్కుకి ఆ ఇబ్బంది లేదు. ఫోటోలో ఎన్ని చుక్కలున్నాయో అన్ని చుక్కలకీ విడివిడిగా "ఇక్కడ కనిపించు, ఇక్కడ కనిపించకు" అని చెప్పవచ్చు. అందుకని ఈసారి మనం కొంచెం కష్టమైన పనే పెట్టుకుందాం: ఒక ఫోటోలోని మనిషిని తీసుకెళ్ళి ఇంకో ఫోటోలోని చెట్టు ఆకుల వెనక నిలబెట్టడం.

పుట్టిల్లు పక్క ఊరే

నేనుండేది మిషిగన్ రాష్ట్రంలోని ట్రాయ్‌లో. డెట్రాయిట్‌కి ఉత్తరంగా ఉన్న ఊరు. ఇక్కణ్ణుంచి కారులో గంట ప్రయాణం చేస్తే ఆన్ ఆర్బర్ వస్తుంది. ఫోటోషాప్ పుట్టిల్లు అదే. 1987లో అక్కడి మిషిగన్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తున్న థామస్ నోల్, తన మెకింటాష్ తెర మీద బూడిదరంగు ఛాయలు కనపడటం లేదని, ఆ పని చేయడానికి ఒక చిన్న ప్రోగ్రాము రాసుకున్నాడు. ఆ తెరకి నలుపు, తెలుపు తప్ప మధ్య రంగులు తెలియవు. నల్ల చుక్కల్నీ తెల్ల చుక్కల్నీ కలిపి చల్లి, కంటికి బూడిదరంగు అనిపించేలా చెయ్యాలి. ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్‌లో సినిమా మాయలు చేసే తమ్ముడు జాన్ నోల్ అది చూసి ముచ్చటపడి, ఇంకా ఇంకా కలపమని అన్నయ్య వెంటపడ్డాడు. వాళ్ళ నాన్నగారు గ్లెన్ నోల్ అదే విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. ఇంట్లో సొంత డార్క్‌రూమ్ కూడా ఉండేది. అన్నదమ్ముల ప్రోగ్రాముని అడోబీ సంస్థ తీసుకుని 1990 ఫిబ్రవరిలో ఫోటోషాప్ 1.0గా విడుదల చేసింది.

అయితే ఆ మొదటి ఫోటోషాప్‌లో లేయర్లు లేవు. ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ అతికిస్తే, కింద ఉన్నది ఇక పోయినట్టే. పొరలు పొరలుగా పని చేసే సౌకర్యం 1994లో వచ్చిన 3.0తో మొదలయింది. దాని వెనకున్న గణితం మాత్రం అంతకు ముందే సిద్ధంగా ఉంది. 1970ల చివర్లో న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఎడ్ క్యాట్‌మల్, ఆల్వీ రే స్మిత్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ప్రతి చుక్కకీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలతో పాటు "ఎంత కనిపించాలి" అని చెప్పే నాలుగో అంకెని జోడించారు. దానికి ఆల్ఫా అని పేరు పెట్టారు. 1984లో లూకాస్‌ఫిల్మ్‌లో పనిచేస్తున్న థామస్ పోర్టర్, టామ్ డఫ్ ఈ అంకెలతో బొమ్మల్ని ఒకదాని మీద ఒకటి ఎలా కలపాలో సూత్రాలు రాశారు. మన లేయర్ మాస్కు నడిచేది ఆ దారిలోనే.

వెనక ఎందుకు?

వాలిని చెట్టు చాటు నుంచి కొట్టిన రాముడి దగ్గర్నుంచి, శింశుపా వృక్షం కొమ్మల్లో ఒదిగి సీతమ్మని చూసిన హనుమంతుడి దాకా, మన కథల్లో చెట్టు చాటుకి పెద్ద పీటే వేశారు. హనుమంతుడి బొమ్మ గీసే చిత్రకారుడు ఆయన్ని పూర్తిగా గీసేసి ఊరుకుంటే ఆకుల మీద అంటించినట్టుంటుంది. భుజం మీదుగా ఒక కొమ్మ, తోక మీదుగా నాలుగాకులు అడ్డం వేశాడా, ఆయన చెట్టులోకి వెళ్ళిపోతాడు.

మన కన్ను దూరాన్ని కొలవడానికి వాడే ఆనవాళ్ళలో చాలా బలమైనది ఇదే. ఒక వస్తువు ఇంకోదాన్ని కప్పుతోందంటే, కప్పేది ముందుంది, కప్పబడింది వెనకుంది. ఇందులో కంటికి సందేహం ఉండదు. పెద్దదా చిన్నదా, మసకగా ఉందా స్పష్టంగా ఉందా అన్నవి ఆ తర్వాతి మాటలు. అందుకే మనిషిని ఫోటోకి ముందు నిలబెడితే ఎంత జాగ్రత్తగా కత్తిరించినా "అతికించారు" అనిపిస్తుంది కానీ, మూడాకులు అడ్డం వస్తే చాలు, అక్కడే నిలబడి ఉన్నట్టు నమ్మేస్తాం.

ఈ నమ్మకమే ఈ పనిలోని బలం. దీనితో వచ్చే చిక్కు గురించి చివర్లో మాట్లాడుకుందాం.

నలుపు దాస్తుంది, తెలుపు చూపిస్తుంది

లేయర్ అంటే పొర. గాజు పలకల మీద విడివిడిగా బొమ్మలు వేసి, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఊహించుకోండి. పై పలక మీది బొమ్మ కింద పలకని కప్పుతుంది. పై బొమ్మలో కొంత భాగం వద్దనుకుంటే రెండు దార్లున్నాయి. ఒకటి, రబ్బరు పెట్టి చెరిపెయ్యడం. రెండు, దానికి ముసుగు వెయ్యడం.

చెరిపితే పోయింది. ఫైలు దాచి, మూసి, మర్నాడు తెరిచాక "అయ్యో, ఆ చెయ్యి కాస్త ఉంచాల్సింది" అనుకుంటే తిరిగిరాదు. మాస్కు అలా కాదు. అది పొరకి తగిలించిన ఇంకో బొమ్మ, నలుపు తెలుపుల్లో ఉంటుంది. మాస్కు మీద తెల్లగా ఉన్నచోట పొర కనిపిస్తుంది. నల్లగా ఉన్నచోట దాక్కుంటుంది. బూడిదరంగు ఉన్నచోట సగం సగం. నలుపుకి విలువ 0, తెలుపుకి 255. మాస్కు మీద ఒక చుక్క విలువ 64 అయితే అక్కడ పై పొర పాతిక వంతు, కింది పొర ముప్పావు వంతు కలుస్తాయి. అంతకు మించి బ్రహ్మవిద్యేమీ లేదు. ఎక్కువ దాచానని తోస్తే అక్కడ తెల్లరంగు పూస్తే, దాగింది తిరిగి వస్తుంది.

ఒక అమ్మ, ఒక మేపుల్ చెట్టు

కల్పించిన ఉదాహరణ కన్నా, నేను చేసిన పనే చెప్తాను. మాకు బాగా తెలిసిన ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన అమ్మగారు నరసరావుపేటలో ఉండేవారు. కొడుకు ఇల్లు కొన్నాడని, పెరట్లో పెద్ద మేపుల్ చెట్టుందని ఫోన్లలో విన్నారే కానీ, అమెరికా రాకుండానే పోయారు. అక్టోబరులో చెట్టంతా ఎర్రబడ్డప్పుడు పిల్లలు దాని కింద ఆడుకుంటున్న ఫోటో ఒకటి తీశారు. "తమ్ముడూ, మా అమ్మని ఆ కొమ్మల వెనక నిలబెట్టగలవా? పిల్లల్ని చూస్తున్నట్టు ఉండాలి, అంతే" అన్నారు.

మొదటి పని కంప్యూటరు ముందు కాదు, ఫోటోల డబ్బా ముందు. ఆవిడ ఫోటోల్లో అన్నిటికన్నా స్పష్టమైనది మే నెలలో మధ్యాహ్నం వాకిట్లో తీసినది. అది పనికిరాదు. నరసరావుపేటలో మే నెల మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. కళ్ళ కింద, ముక్కు కింద నీడలు నిట్టనిలువుగా పడతాయి. ట్రాయ్‌లో అక్టోబరు మధ్యలో సూర్యుడు ఎంత పైకెక్కినా 40 డిగ్రీలు దాటడు. వెలుగు ఏటవాలుగా వస్తుంది. ఈ రెండూ కలిపితే ఎక్కడ తప్పుందో చెప్పలేకపోయినా ఏదో తేడాగా ఉందని ఎవరికైనా అనిపిస్తుంది. అందుకని వరండాలో, పొద్దున్నపూట పక్కనుంచి వెలుగు పడుతున్న ఇంకో ఫోటో ఎంచుకున్నాం. కెమెరా ఏ ఎత్తు నుంచి చూస్తోందో కూడా రెండింట్లోనూ దగ్గరగా ఉండాలి.

ఇక పని ఇలా సాగుతుంది. ఫోటోషాప్ ఉన్నవాళ్ళు అందులో, లేనివాళ్ళు ఉచితంగా దొరికే గింప్‌లో చేసుకోవచ్చు. పేర్లు అటూ ఇటూ మారినా పద్ధతి ఒకటే.

మొదట చెట్టు ఫోటో తెరవాలి. దాని పైన అమ్మగారి ఫోటోని కొత్త పొరగా పెట్టాలి. ఆ పొరకి ఒక మాస్కు తగిలించి, వరండా గోడ, కుర్చీ వగైరాలు దాచేసి ఆవిడ మాత్రం మిగిలేలా చెయ్యాలి. ఇది మొదటి ముసుగు.

రెండోది, ఆ పొరని ఒక గ్రూపులో పెట్టి, ఆకుల మాస్కుని ఆ గ్రూపుకి తగిలించాలి. రెండు పనుల్నీ ఒకే మాస్కులో కుక్కవచ్చు కదా అనిపిస్తుంది. వద్దు. విడిగా ఉంటే అమ్మగారిని రెండడుగులు పక్కకి జరిపినా ఆకులు ఉన్నచోటే ఉంటాయి. కలిపేస్తే ఆవిడతో పాటు ఆకుల ఆకారంలో చిల్లులు కూడా నడిచొస్తాయి!

ఆకుల్ని ఎవరు గీస్తారు?

ఒక కొమ్మకి వందల ఆకులు. మౌసు పట్టుకుని ఒక్కొక్కటీ గీయడం మొదలుపెడితే మళ్ళీ అక్టోబరు వస్తుంది. ఆ పని ఫోటో చేతే చేయించాలి.

ప్రతి రంగుల ఫోటోలోనూ మూడు నలుపు తెలుపు బొమ్మలు దాగి ఉంటాయి: ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానెళ్ళు. వాటిని విడివిడిగా చూడండి. ఎర్రటి మేపుల్ ఆకుల వెనక నీలాకాశం ఉంటే, నీలం చానెల్లో ఆకాశం తెల్లగా మెరుస్తుంది, ఆకులు దాదాపు నల్లగా ఉంటాయి. మనకి కావలసిన మాస్కు కూడా అదే కదా! ఆకు ఉన్నచోట అమ్మ దాగాలి, కాబట్టి నలుపు. ఆకుల మధ్య సందుల్లో కనిపించాలి, కాబట్టి తెలుపు.

నీలం చానెల్‌కి ఒక నకలు తీసుకోండి. అసలు చానెల్‌ని ముట్టుకోకండి, ముట్టుకుంటే ఫోటో రంగులు మారిపోతాయి. నకలు మీద లెవెల్స్ తెరిచి, ముదురు భాగాల్ని నలుపు వైపుకీ లేత భాగాల్ని తెలుపు వైపుకీ జరపండి. ఫోటోషాప్‌లో కంట్రోల్ నొక్కి ఆ నకలు చానెల్ మీద క్లిక్ చేస్తే అది సెలెక్షన్‌గా మారుతుంది. అప్పుడు గ్రూపుని ఎంచుకుని మాస్కు బటన్ నొక్కితే సరి. గింప్‌లో గ్రూపుకి మాస్కు కలిపేటప్పుడు "చానెల్" అనే ఎంపిక నేరుగా కనిపిస్తుంది.

చెట్టు వెనక ఆకాశం కాక పచ్చగడ్డో చెక్క కంచో ఉంటే ఈ ఉపాయం అంత సులువుగా పారదు. వేసవిలో పచ్చటి ఆకుల వెనక పచ్చటి గడ్డి అన్నిటికన్నా మొండిది. ఏ చానెల్లో తేడా ఎక్కువుందో చూసుకుని, మిగిలింది బ్రష్షుతో సరిదిద్దుకోవాలి. ఫోటో తీసేటప్పుడే ఆకాశం వెనక ఉండేలా కాస్త వంగి తీస్తే ఈ బాధ ఉండదు.

ఇప్పుడు కంప్యూటరు చెయ్యలేని పని ఒకటి మిగిలింది. చానెల్‌కి అన్ని ఆకులూ ఒకటే. కానీ ఆవిడ చెట్టు కొమ్మల నడుమ నిలబడితే కొన్ని కొమ్మలు ఆవిడకి ముందుంటాయి, కొన్ని వెనక ఉంటాయి. ఏది ముందు, ఏది వెనక అన్నది మనమే తేల్చాలి. వెనకవి అనుకున్న కొమ్మల మీద మాస్కులో తెల్లరంగు పూసెయ్యాలి. అప్పుడు ఆవిడ వాటిని కప్పుతారు. ముఖం మీద ఒక్క ఆకూ వద్దు. భుజం మీద ఒక కొమ్మ, చీర కుచ్చిళ్ళ మీద ఇంకొకటి చాలు. పనిలో ఎక్కువ సమయం పట్టింది, ఎక్కువ ఆనందం ఇచ్చింది ఇక్కడే.

అంచుల దగ్గర అసలు సంగతి

దూరం నుంచి బాగానే ఉంది. దగ్గరకెళ్ళి చూస్తే ప్రతి ఆకు చుట్టూ సన్నటి నీలిరంగు గీత. ఎక్కడిదది?

ఆకు అంచున ఉన్న చుక్క పూర్తిగా ఆకూ కాదు, పూర్తిగా ఆకాశమూ కాదు. సగం ఆకు, సగం ఆకాశం. అక్కడ మాస్కు కూడా సగం బూడిదరంగులో ఉంటుంది. అంటే కొత్త చుక్కలో సగం అమ్మగారి చీర, సగం పాత చుక్క. ఆ పాత చుక్కలో సగం ఆకాశమే. లెక్కేస్తే, కొత్త చుక్కలో ఇంకా పావు వంతు ఆకాశం మిగిలింది. ముదురు రంగు చీర మీద ఆ పావు వంతే మెరుస్తూ పట్టిచ్చేస్తుంది.

దీనికి మందు: మాస్కు మీద మళ్ళీ లెవెల్స్ తెరిచి, మధ్యలో ఉండే త్రికోణాన్ని కొంచెం ఎడమకి జరపడం. బూడిదరంగులు కాస్త తెల్లబడతాయి, చీర ఆకు అంచు మీదికి వెంట్రుకవాసి జరుగుతుంది, నీలిగీత మాయమవుతుంది. బూడిదరంగుల్ని పూర్తిగా చంపేసి నలుపు తెలుపులే మిగిల్చితే మాత్రం ఆకులు కత్తెరతో కోసిన కాగితాల్లా తయారవుతాయి. ఈ పనిలో ప్రాణమంతా ఆ మధ్య రంగుల్లోనే ఉంది. ఆన్ ఆర్బర్‌లో థామస్ నోల్ వెతుక్కున్నదీ వాటినే.

చివరిగా, ముందున్న ఆకుల నీడ ఆవిడ మీద పడాలి. గ్రూపు లోపలే, ఆవిడ పొర పైన "మల్టిప్లై" పద్ధతిలో ఒక పొర వేసి, మెత్తటి బ్రష్షుతో లేత గోధుమరంగు మచ్చలు అక్కడక్కడ అద్దితే చాలు. రెండు ఫోటోల్లో ఒకటి గరుగ్గా, ఇంకోటి నున్నగా ఉంటే నున్నటిదానికి కొద్దిగా నాయిస్ కలపాలి.

ఇది అబద్ధమా?

బొమ్మ పూర్తయ్యాక ఆ పెద్దాయన చాలాసేపు చూశారు. తర్వాత ఒక ప్రశ్న అడిగారు. "మా చిన్నదానికి ఆరేళ్ళు. ఇంకో ఇరవై ఏళ్ళకి ఇది చూసి, నాయనమ్మ మా ఇంటికి వచ్చిందనుకుంటుందేమో?"

అనుకుంటుంది. తప్పకుండా అనుకుంటుంది. ఆకులు అడ్డం పెట్టి కంటిని నమ్మించడానికే కదా మనం ఇంత శ్రమపడ్డది.

వార్తా పత్రికల్లో ఈ ప్రశ్నకి జవాబు ఏనాడో ఖరారైంది. 2003లో ఇరాక్ యుద్ధం ఫోటోలు తీస్తున్న బ్రయన్ వాల్‌స్కీ, బస్రా దగ్గర క్షణాల తేడాతో తీసిన రెండు ఫోటోల్ని కలిపి ఒకటిగా పంపినందుకు లాస్ ఏంజెలెస్ టైమ్స్ ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేసింది. రెండు ఫోటోలూ నిజమే. కలిపింది మాత్రం జరగలేదు. ఇంటి ఆల్బమ్‌కి అంత కఠినమైన చట్టం అక్కర్లేదు. పెళ్ళిఫోటోలో రాలేకపోయిన బాబాయిని చేర్చడం, పోయిన తాతగారిని గుండ్రటి చట్రంలో పై మూలన పెట్టడం మన ఫోటో స్టూడియోలు ఎప్పట్నుంచో చేస్తున్న పనే. ఆ గుండ్రటి చట్రంలో ఒక నిజాయితీ ఉంది. ఆయన అక్కడ లేరు, తలుచుకుంటున్నాం అని అదే చెప్తుంది. లేయర్ మాస్కు ఆ చట్రాన్ని తీసేసింది. చట్రం చెప్పే మాట ఇక మనమే చెప్పాలి.

ఆయన ఆల్బమ్‌లో రెండు ఫోటోలూ ఎదురెదురు పేజీల్లో పెట్టారు. ఎడమ పక్క పిల్లలూ చెట్టూ మాత్రమే. కుడి పక్క మేం చేసిన బొమ్మ. దాని కింద ఆయనే తెలుగులో రాశారు: "నాయనమ్మ ఈ చెట్టుని చూడలేదు. చూస్తే బాగుండునని నాన్న ఈ బొమ్మ చేయించారు." ఆ పిల్ల ఇప్పుడు తెలుగు అక్షరాలు దిద్దుతోంది. చదవగలిగే రోజుకి ఆ వాక్యం అక్కడ సిద్ధంగా ఉంటుంది.

ఇవాళ ఇదంతా ఒక వాక్యం టైపు చేస్తే చేసిపెట్టే కృత్రిమ మేధ పరికరాలు వచ్చాయి. ఫోటోషాప్‌లోనే 2023 నుంచి అలాంటిది ఉంది. నిమిషంలో పనైపోతుంది. కానీ చివర్లో మన చేతికొచ్చేది బొమ్మ ఒక్కటే అయితే, ఏది ఏ ఫోటో లోంచి వచ్చిందో, ఏది ఎవరూ తీయని చోటు నుంచి ఊడిపడిందో తర్వాత విడదీసి చూసుకునే వీలుండదు. పొరలుగా చేసిన పనిలో ఆ లెక్కంతా ఫైల్లోనే ఉంటుంది.

అందుకని పని అయ్యాక రెండు సంగతులు గుర్తుంచుకోండి. జేపెగ్‌గా దాస్తే పొరలన్నీ కలిసి ఒకటైపోతాయి. పంచిపెట్టడానికి జేపెగ్ చేసుకోండి కానీ, ఫోటోషాప్ అయితే పీఎస్‌డీ, గింప్ అయితే ఎక్స్‌సీఎఫ్ ఫైలుని కూడా అసలు ఫోటోలతో పాటు భద్రంగా దాచండి. ఫైలు పేరులోనే "కలిపినది" అని రాసిపెట్టుకుంటే ఇంకా మంచిది.

మొదటి ప్రయత్నానికి మనుషుల జోలికి పోకుండా, మీ పెరట్లో చెట్టునీ ఒక గాలిపటాన్నీ తీసుకుని చూడండి. కొమ్మల్లో చిక్కుకున్న గాలిపటం బొమ్మ ఎవరైనా చెయ్యగలరు. అయిపోయాక ఫోటోషాప్‌లో షిఫ్ట్ నొక్కి, గింప్‌లో అయితే కంట్రోల్ నొక్కి, ఆకుల మాస్కు మీద ఒకసారి క్లిక్ చెయ్యండి. ముసుగు తొలగిపోయి, గాలిపటం చిరుగు లేకుండా మొత్తం ఆకుల ముందుకి వచ్చేస్తుంది. మళ్ళీ క్లిక్ చేస్తే వెనక్కి వెళ్ళిపోతుంది. ఇంతసేపూ మనం దాచామే కానీ, దేన్నీ చెరపలేదు.